అవును అని నొక్కండి

నెలలో రెండో మంగళవారం దాటిన మర్నాడు, ప్రసన్నకుమారి ఇంట్లో పాలు పొంగేలోపే ఫోను మోగడం మొదలవుతుంది. అమెరికాలో మంగళవారం వదిలిన అప్‌డేట్లు నిడదవోలు చేరేసరికి బుధవారం తెల్లవారుతుంది. ఆ రోజు కంప్యూటరు తెరిచిన ప్రతివాళ్ళకీ ఏదో ఒకటి తేడాగా కనిపిస్తుంది. క్లినిక్కులో ప్రింటరు పలకదు. రైసుమిల్లు గుమాస్తా భీమరాజుకి తెర అడుగున ఎడమ పక్కనుండే బొమ్మలన్నీ నడిమధ్యకి జరిగిపోయి ఉంటాయి. జెరాక్సు షాపు బుజ్జిబాబు తెర మీద ఎన్నడూ లేని ఎండ బొమ్మ ఒకటి వచ్చి కూర్చుని, ఇవాళ ముప్ఫైమూడు డిగ్రీలని చెబుతూ ఉంటుంది. అందరూ అనేది ఒకటే మాట. మేమేం ముట్టుకోలేదండి, దానంతటదే మారిపోయిందండి. మొదట్లో ఆమె నమ్మేది కాదు. ఇరవైనాలుగేళ్ళు ఆ మాట విన్నాక ఇప్పుడు నమ్ముతోంది.

ఆమెకు యాభైనాలుగేళ్ళు. స్టేషను రోడ్డులో వాళ్ళ నాన్న నడిపిన టైపు ఇన్‌స్టిట్యూటులోనే పెరిగిందని చెప్పాలి. పన్నెండు మిషన్లు టకటకలాడుతూంటే ఓ మూల కూర్చుని ఎక్కాలు చదువుకునేది. నాన్న ఒక్కొక్కరి వెనకా నిలబడి, కీల మీద అట్టముక్క కప్పి, చూడకుండా కొట్టమనేవాడు. టైపు పరీక్షల్లో లోయరు పాసైనవాళ్ళు హయ్యరుకి, హయ్యరు పాసైనవాళ్ళు ఉద్యోగానికి వెళ్ళేవారు. ముప్ఫై ఏళ్ళలో ఆ మిషన్ల మీద ఒక్క అక్షరం తన చోటు మారలేదు. ఒకసారి వేళ్ళకి పట్టుబడితే చచ్చేదాకా పనికొచ్చే విద్య అనేవాడాయన. రెండువేల ఒకటిలో ఆ మిషన్లు పాత ఇనుము కింద పోయాయి. ఆ గదిలోనే ప్రసన్నకుమారి ఆరు కంప్యూటర్లు పెట్టింది. ఆయన ఒకసారి మౌసు పట్టుకుని అటూ ఇటూ జరిపి చూసి, ఇది చేతి పని కాదు, కంటి పని, నావల్ల కాదని లేచి వెళ్ళిపోయాడు.

తర్వాత పిల్లలు రావడం మానేశారు. ఫోన్లు వచ్చాక కంప్యూటరు నేర్చుకోవడానికి ఒకరి దగ్గరకి వెళ్ళాలన్న ఆలోచనే ఎవరికీ రావడం లేదు. గది మూసేసి, ఊళ్ళో కంప్యూటర్లు చూసే పనిలోకి దిగింది. ఇప్పుడు ఆమె చేతికింద ఇరవైమూడు చోట్లున్నాయి. క్లినిక్కు, మిల్లు, రెండు ప్రైవేటు బళ్ళు, ఎరువుల కొట్టు, కాలవ అవతలి పేటలో లూథరన్ చర్చి ఆఫీసు, ఇంకా కొందరు రిటైరైన పెద్దవాళ్ళ ఇళ్ళు. పొద్దున్నే స్కూటీ తీస్తే సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి. భర్త రమేష్ బాబు రైల్వేలో గూడ్సు క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. వదిలెయ్యరాదా అని రెండు మూడు సార్లు అన్నాడు. వదిలేస్తే ఆ ఇరవైమూడు చోట్లా ఎవరు చూస్తారన్నది ఆమెకు తెలియలేదు. ఆయనకీ తెలియలేదు.

ఫోన్లు తగ్గుతాయని ఒకప్పుడు ఆమె ఒక పని మొదలుపెట్టింది. నెలకొక కాగితం. తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు తీసి, ప్రతి కంప్యూటరు పక్కనా గోడకి తనే అంటించేది. పొరపాటున ఏదైనా చెరిగిపోతే కంగారుపడకుండా కంట్రోల్ పట్టుకుని జెడ్ నొక్కండి. అక్షరాలు కనపడకపోతే కంట్రోల్ పట్టుకుని మౌసు మీది చక్రం తిప్పండి. మూత మూసినంత మాత్రాన కంప్యూటరు ఆగినట్టు కాదు, వారానికి ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి. ఇలా ఆరేసి సూచనలుండేవి. కొన్నాళ్ళు బాగానే నడిచింది. కానీ ఏ సూచనా నిలిచేది కాదు. ఎడమ వైపు కింద మూడో బొత్తాం అని ఆమె రాస్తే, రెండు నెలలు తిరిగేసరికి అది కుడి వైపు పైకి వెళ్ళిపోయేది. మీరు రాసిన చోట లేదండి అని మళ్ళీ ఫోను. గోడ మీద కాగితం చింపి కొత్తది అంటించేది. అంటించిన వారానికే అదీ తప్పయ్యేది.

రెండేళ్ళ కిందట ఒక సంగతి జరిగింది. డాక్టరు సురేంద్ర గారి క్లినిక్కులో కౌంటరు దగ్గర కూర్చునే అశ్విని, అప్‌డేట్ అడిగినప్పుడల్లా తర్వాత చూద్దామని నొక్కి నొక్కి పద్నాలుగు నెలలు గడిపేసింది. చివరికి ఏదో వైరసు పురుగు దూరి రోగుల వివరాలన్నీ గందరగోళమయ్యాయి. అవి సర్దడానికి ప్రసన్నకుమారికి వారం పట్టింది. ఆ వారమంతా ఆమెకు జ్వరం. ఆ నెల కాగితం రాయడానికి కూర్చుంటే ఆరు సూచనలు రాసే ఓపిక లేదు. మూడే మూడు వాక్యాలు, వీలైనంత పెద్ద అక్షరాలతో కొట్టింది.

అప్‌డేట్ అడిగితే కాదనకండి. అవును అని నొక్కండి. పూర్తయ్యేదాకా దేన్నీ ముట్టుకోకండి.

ఆమె రాసినవాటిలో అందరికీ నచ్చిన కాగితం అదొక్కటే. ఇన్నాళ్ళకి మాకు అర్థమయ్యేలా రాశారండి అన్నాడు భీమరాజు. బుజ్జిబాబు ఇరవైమూడూ లామినేషన్ చేసి ఇచ్చాడు. ఆ తర్వాత ఆమె కాగితాలు రాయడం మానేసింది. రాయవలసిన అవసరమూ కనిపించలేదు.

చర్చి ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునేది చిట్టియ్య మాస్టారు. డెబ్భై ఒకటి నిండాయి. ఎలిమెంటరీ బడిలో ముప్ఫైఆరేళ్ళు చదువు చెప్పి రిటైరయ్యాక, సంఘానికి కార్యదర్శిగా ఉంటున్నాడు. నాలుగేళ్ళ కిందట ఆయన తనంతట తనే ఒక పని నెత్తిన వేసుకున్నాడు. బీరువాలో పసుపు గుడ్డలో చుట్టిన పాత రిజిస్టరు ఒకటుంది. పందొమ్మిదివందల పదకొండు నుంచి పేటలో ఎవరు ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు, ఎవరికి ఎవరితో పెళ్ళయింది, ఎవరిని ఎప్పుడు సమాధి చేశారు, అన్నీ అందులో ఉన్నాయి. పూర్వం ఈ పేటవాళ్ళ పుట్టుక రాసినవాళ్ళు ఇంకెవరూ లేరు. అంచులు చెద తినేస్తోంది. పుస్తకం పోయేలోపు కంప్యూటరులోకి ఎక్కించాలన్నది ఆయన పంతం. తెలుగు కొట్టడం ప్రసన్నకుమారే నేర్పింది. ఒంటి వేలితో మొదలుపెట్టి, రెండో ఏడాదికి రెండు వేళ్ళకి వచ్చాడు. రోజుకి పది పేర్లు, ఓపికుంటే పదిహేను. నాలుగేళ్ళకి పందొమ్మిదివందల డెబ్భై ఎనిమిది దాకా వచ్చింది.

పోయిన అక్టోబరులో పాత విండోస్‌కి ఇక అప్‌డేట్లు రావని పేపర్లో పడింది. మర్నాడే మాస్టారు ఫోను చేశాడు. చర్చి కంప్యూటరు కొని పదకొండేళ్ళయింది, కొత్త విండోస్ దానికి ఎక్కదు. ఇంకో ఏడాది పొడిగించుకునే వీలుందండి, వచ్చి చేస్తాను అంది ప్రసన్నకుమారి. ఆ వారం కుదరలేదు. ఆ పై వారం బడుల్లో పని పడింది. ఆయన మళ్ళీ అడగలేదు. ఎవరినీ రెండోసారి అడిగే మనిషి కాదు.

నవంబరు చివర్లో ఒక శుక్రవారం పొద్దున మాస్టారు ఫోను వచ్చింది. నా పుస్తకం తెరుచుకోవడం లేదమ్మా అన్నాడు. ఏదో బొత్తాం నొక్కి ఉంటాడనుకుంది. క్లినిక్కులో పని ముగించుకుని, రైలు గేటు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడి, పదకొండింటికి పేట చేరింది.

తెర చూడగానే ఆమెకు అర్థమైంది. ప్రతి ఫైలు పేరు చివరా తోకలా నాలుగు అక్షరాలు వచ్చి ఉన్నాయి. ఏదీ తెరుచుకోవడం లేదు. తెర మధ్యలో ఇంగ్లీషులో ఒక చీటీ: మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే ఫలానా చోటికి రాయండి, ఇంత చెల్లించండి. ముందు నెట్టు తీగ ఊడబెరికింది. తర్వాత ఏం జరిగిందో చెప్పమంది.

మాస్టారు నెమ్మదిగా, వరసగా చెప్పాడు. నిన్న మధ్యాహ్నం, ముందు కొట్టినవి సరిచూసుకుంటూ, ముప్ఫైఆరో సంవత్సరంలో ఒక తేదీ ఏ వారం పడిందో నెట్టులో వెతుకుతున్నాడు. ఏదో పేజీ తెరిచేసరికి తెరంతా నీలంగా మారిపోయి, మీ విండోస్ గడువు తీరింది, వెంటనే అప్‌డేట్ చేసుకోండి అని వచ్చింది. కింద అవును, కాదు అని రెండు బొత్తాలు. పేపర్లో పడ్డది ఇదేనని ఆయన అనుకున్నాడు. ఎందుకైనా మంచిదని గోడ వైపు చూశాడు. అవును అని నొక్కాడు. ఇంకోసారి అడిగింది, మళ్ళీ నొక్కాడు. అంకెలు నూరు దాకా వెళ్ళేసరికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత కంప్యూటరు ఆపి ఇంటికి వెళ్ళి, ఈసారి ప్రసన్నని పిలవకుండానే పని అయిపోయిందని భార్య బేబికి చెప్పాడు.

"నువ్వు రాసినట్టే చేశానమ్మా" అన్నాడు చివర. "పూర్తయ్యేదాకా బల్ల మీద చెయ్యి కూడా ఆనించలేదు."

ఆ మాటలో నిందేమీ లేదు. పరీక్ష సరిగ్గా రాశానని చెప్పే పిల్లాడి గొంతు అది. ఆయన తల వెనక గోడ మీద లామినేషన్ కాగితం మెరుస్తోంది. ప్రసన్నకుమారి దాన్ని చూసింది, వెంటనే చూపు దించుకుంది. ఏదో ఒకటి మాట్లాడాలని పెన్‌డ్రైవు సంగతి అడిగింది. ప్రతి శనివారం ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులోకి కాపీ చెయ్యమని తనే చెప్పింది. చేశానమ్మా, ఒక్క శనివారం తప్పలేదు అని ఆయన వంగి చూపించాడు. ఎర్రదారం కట్టిన పెన్‌డ్రైవు కంప్యూటరుకే గుచ్చి ఉంది. నాలుగేళ్ళుగా అక్కడే ఉంది. కాపీ చేశాక తీసి సొరుగులో పెట్టండని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. దానిలోని ఫైళ్ళకీ అదే తోక.

కంప్యూటరు డబ్బాని స్కూటీ ముందు పెట్టుకుని ఇంటికి తెచ్చింది. మూడు రోజులు దాని ముందు కూర్చుంది. రాజమండ్రిలో పోయిన ఫైళ్ళు వెలికితీసే తెలిసినాయన ఒకరుంటే, రెండు ఫైళ్ళు పంపించి అడిగింది. ఇలాంటి వైరసుల్లో కొన్నిటికి తాళంచెవులు బయటికొచ్చాయి గానీ దీనికింకా రాలేదండి, డిస్కు పారెయ్యకండి, ఎప్పుడైనా రావచ్చు అన్నాడాయన. కంప్యూటరు మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే పంతొమ్మిది ముప్ఫై నంబరుకి ఫోను చేసి ఫిర్యాదు రాయించింది. అవతలి అమ్మాయి ఓపిగ్గా అన్నీ అడిగి నంబరు ఇచ్చింది. సంఘం అయ్యగారు ఫిన్నీ పాస్టరు, వాళ్ళడిగిన డబ్బు పారేస్తే తాళంచెవి ఇస్తారా అని అడిగాడు. ఇస్తారని ఎవరూ చెప్పలేరండి, ఇచ్చినవాళ్ళని మళ్ళీ మళ్ళీ అడుగుతారని మాత్రం చెప్పగలను అంది. అయితే వద్దని ఆయన తేల్చేశాడు.

ఈ మూడు రోజుల్లోనూ అందరూ మాస్టారినే జాలిగా చూశారు. పెద్దాయన, తెలియక నొక్కేశాడు పాపం అన్నారు.  సోమవారం సాయంత్రం ప్రసన్నకుమారి మాస్టారి ఇంటికి వెళ్ళింది. వరండాలో ఆయన లుంగీ మీద, మోకాళ్ళకి నూనె రాసుకుంటూ కూర్చున్నాడు. బేబి గారు కుర్చీ వేసి లోపలికి టీ పెట్టడానికి వెళ్ళారు.

"మాస్టారండీ, తప్పు మీది కాదండి" అంది ప్రసన్నకుమారి. "ఆ కాగితం నాది. అప్‌డేట్ ఎవరడుగుతారు, ఎక్కడడుగుతారు అని నేను రాయలేదు. రాస్తే మళ్ళీ ఫోన్లు చేస్తారని రాయలేదు. ఓపిక లేక రాయలేదండి. నిజమైన అప్‌డేట్ నెట్టు పేజీలో అడగదు. ఆ ఒక్క ముక్క రాసుంటే మీరు నొక్కేవారు కాదు."

 మాస్టారు నూనె సీసా మూత బిగించి పక్కన పెట్టాడు.

"గ్రహాలు తొమ్మిదని ముప్ఫై ఏళ్ళు చెప్పానమ్మా నేను" అన్నాడు. "పిల్లల చేత పాడించేవాణ్ణి కూడా. ఓ రోజు పేపరు తెరిస్తే ఎనిమిదేనట. ఎక్కడో పెద్దవాళ్ళు కూర్చుని తీసేశారు. మర్నాటి నుంచి ఎనిమిదని చెప్పాను. అంతకుముందు చెప్పినవాళ్ళందరినీ వెతుక్కుంటూ వెళ్ళి దిద్దగలనా?"

"మీ పిల్లలు ఎక్కడెక్కడికో పోయారండి" అంది. "నావి ఇరవైమూడు గోడలే."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఓదార్చడానికి చెప్పిన మాట ఆమెకు పని అయి కూర్చుందని గ్రహించినట్టున్నాడు. "అయితే వెళ్ళు" అన్నాడు. "టీ తాగి వెళ్ళు."

ఆ వారమే బయల్దేరింది. కొత్త కాగితం రాయాలని ముందు రోజు కూర్చుంది గానీ కుదరలేదు. అప్‌డేట్ చేసుకోవాలి అన్నది నిజం. అడిగినవాడికల్లా అవుననకూడదు అన్నదీ నిజం. రెండూ ఒక కాగితం మీద పెడితే పదిహేడు వాక్యాలయ్యాయి. రమేష్ బాబుకి ఇచ్చి చదవమంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివి, ఐదో వాక్యం దగ్గర నుంచి నాకు అందలేదు ప్రసన్నా అన్నాడు. ఆమె కాగితం మడిచి పెట్టేసింది. గోడ మీద అంటించేదానితో అయ్యే పని కాదని తేలిపోయింది.

క్లినిక్కుకి ముందు వెళ్ళింది. కాగితం పీకుతూంటే అశ్విని కంగారుపడింది. ఆ కాగితం చూసుకునే తను ధైర్యంగా ఉంటున్నానంది. ప్రసన్నకుమారి పక్కన కుర్చీ లాక్కుని, తను మౌసు ముట్టుకోకుండా, అశ్విని చేతే స్టార్ట్ బొత్తాం నొక్కించి, సెట్టింగ్స్ తెరిపించి, అందులో అప్‌డేట్ అన్న చోటుకి వెళ్ళేలా చేసింది. అప్‌డేట్ ఉంటే ఇక్కడుంటుంది. ఇక్కడ లేకపోతే ఎక్కడా లేదు. నెట్టులో ఏదైనా పేజీ చూస్తుండగా అడిగితే, ఎంత గట్టిగా అడిగినా, అవునూ కాదూ కూడా నొక్కకుండా ఆ పేజీ మూసేసి, నీ అంతట నువ్వు ఇక్కడికి వచ్చి చూసుకో. తెర మీద ఫోను నంబరు ఇస్తే చచ్చినా చెయ్యకు. పెన్‌డ్రైవులోకి ఎక్కించాక తీసి సొరుగులో వెయ్యి. అశ్విని చేత మూడుసార్లు చేయించేసరికి ముప్పావుగంట పట్టింది. ఈలోపు కౌంటరు దగ్గర ఎనిమిదిమంది రోగులు నిలబడ్డారు.

మిల్లులో భీమరాజు అంతసేపు కూర్చోవడానికి ఒప్పుకోలేదు.

"అయితే నొక్కాలా వద్దా అండి?" అన్నాడు. "ఒక్క మాటలో చెప్పండి, అదే చేస్తాను."

"ఒక్క మాటలో చెప్పే ఇంత దూరం తెచ్చానండి" అంది ప్రసన్నకుమారి.

జరిగినదంతా అతనికి చెప్పింది. ఎవరి దగ్గరా దాచలేదు. కొందరు అయ్యో అన్నారు. ఎరువుల కొట్టు యజమాని మాత్రం, ఇన్నాళ్ళూ మా కంప్యూటరు కూడా అలాగే వదిలేశారా అని ముఖం మీదే అడిగి, వచ్చే నెల నుంచి మా తమ్ముడి కొడుకు చూసుకుంటాడండి అన్నాడు. ఆమె సరేనంది. అతని కాగితం కూడా పీకి, జిగురు మరకలు తడిగుడ్డతో తుడిచి వచ్చింది.

బుజ్జిబాబు షాపులో ఇంకో సంగతి తెలిసింది. రెండేళ్ళ కిందట అతను ఆ కాగితం ఫొటో తీసి, తన కస్టమర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడట. ఆ గ్రూపులో రెండొందల నలభైమంది ఉన్నారు. వాళ్ళలో ఎవరు ఎవరికి పంపారో లెక్కలేదు. ఎప్పటిదోనండి, ఎవరు చూస్తారండి అని అతను తేలిగ్గా అన్నాడు.  ఆమె బెంచీ మీద కూర్చుని, అతని ఫోను అడిగి తీసుకుని, ఆ పదిహేడు వాక్యాలనీ ఏడు చేసి అదే గ్రూపులో కొట్టింది. ఒకరు దణ్ణం బొమ్మ పెట్టారు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

ఇరవైమూడు చోట్లూ తిరగడానికి పదకొండు రోజులు పట్టింది. చివరి రోజు ఇంటికి వచ్చి చెప్పులు విప్పబోతే పట్టీ పాదంలోకి దిగి ఉంది. రమేష్ బాబు వేణ్ణీళ్ళు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాడు. 

చర్చి కంప్యూటరుకి పాత డిస్కు తీసి కవరులో పెట్టి బీరువాలో దాచి, వేరే డిస్కు వేసి, పాత విండోసే మళ్ళీ ఎక్కించి, ఏడాది పొడిగింపు కూడా చేసింది. అప్పుడే ఒక మంచి జరిగింది. కాకినాడకి బదిలీ అయి వెళ్ళిన పాత అయ్యగారు, తననెవరో తమ తాతముత్తాతల వివరాలడిగితే, రెండేళ్ళ కిందట మాస్టారి చేత రిజిస్టరులో కొంత భాగం ఈమెయిల్లో తెప్పించుకున్నాడట. బేబి గారికి గుర్తొచ్చి చెప్పారు. పంపిన మెయిళ్ళలో వెతికితే దొరికింది. పదకొండు నుంచి ముప్ఫైనాలుగు దాకా, చెక్కుచెదరకుండా. మిగిలిన నలభైనాలుగేళ్ళూ మళ్ళీ కొట్టాల్సిందే.

ప్రసన్నకుమారి వారానికి మూడు మధ్యాహ్నాలు ఖాళీ పెట్టుకుంది. ఎరువుల కొట్టుతో పాటు ఇంకో రెండు చోట్లు పోయాయి కాబట్టి ఆ ఖాళీ దొరికింది. మాస్టారు భూతద్దం పెట్టి చదువుతాడు, ఆమె కొడుతుంది. ఆయన నాలుగేళ్ళు పడ్డ పాటు ఇలా అయితే ఏడాదిలో తీరుతుంది. కానీ పోయిన వానాకాలంలో బీరువా వెనక గోడ నెమ్మెక్కి, నలభైఒకటి, నలభైరెండు సంవత్సరాల కాగితాలు అంటుకుపోయాయి. ఆయన మొదటిసారి కొట్టినప్పుడు బాగానే ఉన్నాయట. ఇప్పుడు విడదీయబోతే పొరలు పొరలుగా లేచి వస్తున్నాయి. పదకొండు పేజీలు. వాటిలో పేర్లు ఆ తాళం వేసిన ఫైల్లో తప్ప ఎక్కడా లేవు.

"ఒంటి వేలితో కొట్టాను కదమ్మా, కొన్ని గుర్తున్నాయి" అన్నాడు మాస్టారు. కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. తొమ్మిది పేర్లు చెప్పి ఆగిపోయాడు. ఆమె ఎదురుచూసింది. ఇంక రాలేదు. తొమ్మిదీ కొట్టి, మిగతా వరుసలన్నిటికీ ఎదురుగా, పుస్తకంలో చదవడానికి వీలు కాలేదు అని రాసింది. ఆయన ఆ వాక్యం వైపు చూసి, తలుపు దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాడు.

ఈస్టరుకి ముందొచ్చే లెంటు రోజులు మొదలయ్యేసరికి యాభైమూడుకి వచ్చారు. ఆగస్టులో వరద వచ్చిన సంవత్సరం. ఆ నెలలో బాప్తిస్మాలు లేవు, సమాధులే ఉన్నాయి. ఎక్కువ పసిపిల్లలవి. మాస్టారు పేర్లు చదివే వేగం తగ్గింది. ఆమె కూడా తొందరపెట్టలేదు. ఒక వరుస దగ్గర ఆయన ఆగాడు. పేరులో చివరి అక్షరం చెద తినేసింది. సువార్తమ్మో, సువార్తయ్యో తెలియడం లేదు. తండ్రి పేరు ఉంది, వయసు రెండేళ్ళని ఉంది.

తేలిగ్గా ఏదో ఒకటి కొట్టేసి ముందుకెళ్ళొచ్చు. ఆమె వేళ్ళు కీల మీద ఉన్నాయి, నడుము లాగుతోంది, బయట ఎండ తగ్గుతోంది. ఇంకా భీమరాజు దగ్గరకి వెళ్ళాలి. సెట్టింగ్స్‌లో ఏదో కనిపించడం లేదని పొద్దున్నుంచి రెండుసార్లు ఫోను చేశాడు.

"దక్షిణం వీధిలో మరియమ్మ గారికి తొంభై దాటాయి" అన్నాడు మాస్టారు. "ఆ ఇంటి పక్కిల్లే. ఆవిడకి తెలిసి ఉండొచ్చు. చెవులు వినపడవు గానీ."

"గురువారం వెళ్దామండి" అంది ప్రసన్నకుమారి. "గట్టిగా నేను అడుగుతాను."

ఆ గడి ఖాళీగా ఉంచింది. పెన్‌డ్రైవు పెట్టి, ఆ రోజు కొట్టినదంతా ఎక్కించి, తీసి మాస్టారి చేతికిచ్చింది. ఆయన దాన్ని జేబులో వేసుకుని, జేబు మీద ఒకసారి తట్టి చూసుకుని, పుస్తకాన్ని పసుపు గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు.